స్టెల్త్ గేముల్లో ఆటతీరు, డిఫికల్టీ (కష్టపు స్థాయి) గురించిన తగవును తేల్చుకోవడం ఎలా?

సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో అమలాపురానికి, రాజోలుకు, పాలకొల్లుకు, భీమవరానికి చేరుకున్న స్నేహితులు నలుగురు ఒక కంప్యూటరు ముందు కూర్చుని స్టెల్త్ గేము, అంటే శత్రువుల కంటపడకుండా పని ముగించుకునే ఆట, ఆడితే, కనుమ నాటికి ఒక తగవు తప్పకుండా మొదలవుతుంది. "బావా, నువ్వు ఆడినది స్టెల్త్ కాదు, దారిలో ఉన్నవాళ్ళందరినీ కాల్చుకుంటూ పోయావు" అని ఒకరంటే, "ఈజీలో పెట్టుకుని ఎవరికీ కనబడలేదని చెప్పుకోవడం ఏం గొప్ప బావా?" అని మరొకరు అంటారు. ఆ తరువాత గొంతులు పెరుగుతాయి, పాత ఆటల పేర్లన్నీ బయటికి వస్తాయి, చివరికి ఎవరి అభిప్రాయంతో వారే భోజనాలకు లేస్తారు.

ఈ తగవు పెట్టుకోదగినదేనని నేను గట్టిగా నమ్ముతాను. కారు పందెపు ఆటలో ముందు వచ్చినవాడు గెలిచినట్టు లెక్క. అక్కడ వాదించడానికి పెద్దగా మిగిలేది ఉండదు. స్టెల్త్ గేములో మాత్రం ఒకే భవనంలోకి ఒకరు పైకప్పు మీదుగా, ఒకరు మారువేషంలో, ఒకరు దీపాలన్నీ ఆర్పివేసి చేరుకోవచ్చు, ముగ్గురూ పని పూర్తి చేయవచ్చు. వీరిలో ఎవరు బాగా ఆడారన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, అయితే దానికి ఒక పద్ధతి కావాలి. ముగ్గురు నలుగురు మనుషులు, ఒక ఆట, ఒక సాయంత్రం, ఒక నోటుపుస్తకం ఉంటే ఈ కింది పద్ధతిని మీరు అనుసరించవచ్చు.

మొదటి మెట్టు: ఆటతీరుకు కొలతలు ముందుగా ఒప్పుకోండి

"స్టెల్త్‌గా ఆడాను" అన్న మాటతో వాదన మొదలుపెట్టవద్దు. ఆ మాటలో కనీసం మూడు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి: ఎవరికైనా కనబడ్డారా, ఎవరినైనా పడగొట్టారా, పడగొట్టినవారిని చంపారా? 2013లో వచ్చిన స్ప్లింటర్ సెల్: బ్లాక్‌లిస్ట్ ఆటతీరును ఘోస్ట్, పాంథర్, అసాల్ట్ అనే మూడు పేర్లతో విడదీసి, దేనికి దానికి విడిగా పాయింట్లు ఇస్తుంది. ఎవరికీ పట్టుబడకుండా, ప్రాణాలు తీయకుండా సాగేది ఘోస్ట్. చీకటిలో దాగి చప్పుడు లేకుండా చంపేది పాంథర్. ఎదురుగా నిలిచి పోరాడేది అసాల్ట్. మాట్లాడుకోవడానికి ఈ మూడు పేర్లు చక్కగా పనికివస్తాయి గానీ ఇవి చాలవు. 2012 నాటి డిజానర్డ్‌లో ఆట మొత్తంలో ఎవరినీ చంపకుండా ఉండటానికి ఒక అచీవ్‌మెంట్ (ఆట ఇచ్చే గుర్తింపు), ఎవరికీ పట్టుబడకుండా, ముఖ్య లక్ష్యాలను తప్ప మరెవరినీ చంపకుండా ఉండటానికి మరొకటి విడిగా ఉన్నాయి. అంటే చంపకుండానే అందరికీ కనబడి పరుగెత్తినవాడు ఉండవచ్చు, కనబడకుండానే లక్ష్యాన్ని చంపినవాడూ ఉండవచ్చు. ఈ రెండు గుణాలను ఒకే త్రాసులో వేయడం వల్లనే సగం తగవులు పుడుతున్నాయి.

కాబట్టి నోటుపుస్తకం మొదటి పేజీలో "కనబడటం" అంటే ఏమిటో రాసుకోండి. కాపలావాడి తల మీద అనుమానపు గుర్తు వెలిగి ఆరిపోతే అది లెక్కకు వస్తుందా? పడిపోయిన మనిషిని మరొకడు చూసి అలారం మోగిస్తే, మీరు ఎవరి కంటా పడకపోయినా అది తప్పేనా? కెమెరాకు చిక్కితే ఏమిటి? ఈ విషయంలో హిట్‌మ్యాన్ ఆటలోని సైలెంట్ అసాసిన్ అనే బిరుదుకు ఉన్న నిబంధనలు మంచి నమూనా. లక్ష్యాలు తప్ప ఎవరూ చావకూడదు, మిమ్మల్ని ఎవరూ గుర్తించకూడదు, శవాలు ఎవరికీ దొరకకూడదు, కెమెరాలో రికార్డయితే ఆ రికార్డును చెరిపివేయాలి. లక్ష్యం ప్రమాదంలో చనిపోయినట్టు కనబడితే మాత్రం ఆ శవం దొరికినా తప్పు కాదు. ఇంత స్పష్టంగా మీరు కూడా నాలుగైదు వాక్యాలు రాసుకుంటే, ఆట మధ్యలో "అది లెక్కలోకి రాదు" అనే వాదనకు చోటుండదు.

రెండవ మెట్టు: డిఫికల్టీ అనే మూటను విప్పండి

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. హార్డ్, ఎక్స్‌పర్ట్, మాస్టర్ అనేవి కేవలం పేర్లు. ఒక ఆటలోని హార్డ్‌కూ మరొక ఆటలోని హార్డ్‌కూ పోలిక ఉండవలసిన అవసరం లేదు. ఆ పేరు వెనుక ఆట ఏయే మార్పులు చేస్తోందో చూడండి. స్థూలంగా అవి ఐదు రకాలు: కాపలావాళ్ళ చూపు, వినికిడి ఎంత పదునుగా ఉన్నాయి, దెబ్బ తగిలితే మీకు ఎంత నష్టం జరుగుతుంది, మీకు తెరమీద ఎంత సమాచారం కనబడుతుంది, ఎన్నిసార్లు సేవ్ చేసుకోవచ్చు (ఓడితే మళ్ళీ అక్కడి నుంచే ఆడేలా ఆటను భద్రపరచుకోవచ్చు), అసలు మీకు అప్పగించిన పని ఏమిటి.

చివరిదానితో మొదలుపెడదాం. 1998లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ తయారుచేసిన థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్‌లో నార్మల్, హార్డ్, ఎక్స్‌పర్ట్ అనే మూడు స్థాయిలున్నాయి. స్థాయి పెరిగేకొద్దీ ఆ ఆట మీ పనిపట్టికనే పొడిగిస్తుంది: దోచవలసిన సొత్తు పెరుగుతుంది, ఎక్స్‌పర్ట్‌లో చాలా మిషన్లలో మనుషులను చంపకూడదన్న నియమం చేరుతుంది. కాపలావాళ్ళకు బలం పెంచి కష్టం పుట్టించడం కన్నా ఇది ఎంతో ఉన్నతమైన ఆలోచన అని నా అభిప్రాయం. అదే భవనంలో మీరు ఇంకా లోపలి గదుల వరకు వెళ్ళవలసి వస్తుంది, వెళ్ళేటప్పుడు కత్తిని దాచుకోవలసి వస్తుంది. అంటే డిఫికల్టీయే మీ ఆటతీరును మార్చివేస్తుంది.

సమాచారాన్ని తగ్గించే పద్ధతికి క్లై సంస్థ 2012లో విడుదల చేసిన మార్క్ ఆఫ్ ది నింజా మంచి ఉదాహరణ. మామూలుగా ఆడేటప్పుడు మీరు చేసే చప్పుడు ఎంత దూరం వినబడుతుందో ఒక వలయంగా కళ్ళకు కనబడుతుంది. ఒకసారి ఆట ముగించి న్యూ గేమ్ ప్లస్‌లో మొదలుపెడితే, మీ పాత్ర ఎటు తిరిగి ఉందో అటు ఉన్నదే కనబడుతుంది, వెనుక ఏముందో తెలియదు. బ్లాక్‌లిస్ట్‌లోని పర్ఫెక్షనిస్ట్ స్థాయి, శత్రువుల మీద ముందుగా గుర్తులు పెట్టి ఒక్క ఊపులో వరుసగా కాల్చే సౌకర్యాన్ని తీసివేస్తుంది. సేవ్‌ల విషయానికి వస్తే, 2018 నాటి హిట్‌మ్యాన్ 2 మాస్టర్ స్థాయిలో మిషన్ మొత్తానికి ఒక్క సేవ్ మాత్రమే ఇస్తుంది. పైగా రక్తం చిందేలా చంపితే ఆ మారువేషం పనికిరాకుండా పోతుంది. ఇక 2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5 మరొక దారి తొక్కింది. మీరు తరచుగా తలకు గురిపెడితే సిపాయిలు హెల్మెట్లు పెట్టుకుంటారు, రాత్రిపూటే చొరబడుతుంటే చీకటిలో చూడగల అద్దాలు తెచ్చుకుంటారు. అక్కడ డిఫికల్టీ మెనూలో ఉండదు, మీ అలవాటులో ఉంటుంది.

ఈ భాగాలను ఆటే విడదీసి చూపిన సందర్భాలు కూడా ఉన్నాయి. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 (2020) డిఫికల్టీని ఆటగాడు, శత్రువులు, తోడు పాత్రలు, స్టెల్త్, వనరులు అనే ఐదు భాగాలుగా విడగొట్టి దేనికి దానిని మార్చుకోనిస్తుంది. అసాసిన్స్ క్రీడ్ షాడోస్ (2025) పోరాటానికి ఒకటి, స్టెల్త్‌కు ఒకటి విడిగా ఇచ్చింది. డిజానర్డ్ 2లో విడుదల తరువాత వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో ఇలాంటి అమరికలు ఎన్నో వచ్చి చేరాయి. మీ తగవుకు ఇలాంటి ఆట దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఆటల్లో హార్డ్ అంటే ముందుగా పెరిగేది శత్రువు తూటా బలం. ఎవరికీ కనబడకుండా ఆడేవారికి ఆ తూటా తగిలేదే లేదు కాబట్టి, వారి లెక్కలో ఈజీ, హార్డ్ దాదాపు ఒకటే. ఎదురుగా పోరాడేవారికి మాత్రం ఆ ఒక్క మార్పుతో ఆట రెండింతలు కష్టమవుతుంది. దీనికి విరుద్ధంగా, కాపలావాళ్ళ చూపు దూరాన్ని మాత్రమే పెంచితే ఘోస్ట్ ఆటగాడు ఇబ్బంది పడతాడు, తుపాకీ పట్టినవాడికి పెద్ద తేడా రాదు. కాబట్టి ఇద్దరూ "హార్డ్"లోనే ఆడామని చెప్పుకున్నంత మాత్రాన వారు ఒకే పరీక్ష రాసినట్టు కాదు. మీ నోటుపుస్తకంలో ఆ స్థాయి పేరు రాయవద్దు. ఆ ఐదు భాగాల్లో ఏది ఎంత పెరిగిందో రాయండి. ఆట ఆ వివరాన్ని మెనూలో చెప్పకపోతే, ఒకే గదిలో ఒకే కాపలావాడి ముందు రెండు స్థాయిల్లోనూ నిలబడి, అతను ఎంత దూరం నుంచి, ఎంతసేపటికి గుర్తిస్తున్నాడో మీరే పోల్చి చూసుకోవచ్చు.

మూడవ మెట్టు: గదిని, తెరను, చెవులను సరిచేయండి

మెనూలో కనబడని డిఫికల్టీ మీ ఇంట్లోనే ఉంది. థీఫ్‌లో తెర అడుగున ఉండే ఒక రత్నం మీరు వెలుగులో ఉన్నారో చీకటిలో ఉన్నారో చూపుతుంది. స్ప్లింటర్ సెల్: కేయాస్ థియరీ (2005) వెలుగుతో పాటు మీ చప్పుడును కూడా కొలిచి, చుట్టుపక్కల మోతతో పోల్చి చూపుతుంది. ఆటను తయారుచేసినవారు ఇంత శ్రద్ధ పెట్టిన విషయాన్ని, మధ్యాహ్నం వసారాలో ఎండ పడుతున్న తెర ముందు కూర్చుని ఆడితే న్యాయంగా అంచనా వేయలేము. వసారాలో ఆడినవాడు బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుకుంటాడు, దానితో ఆటలోని చీకటి పోయి మూలలన్నీ కనబడతాయి. రాత్రి గదిలో ఆడినవాడికి ఆ సౌకర్యం ఉండదు. అందుచేత అందరూ ఒకే గదిలో, దీపం పడిన తరువాత ఆడండి, బ్రైట్‌నెస్, గామా (చీకటి భాగాలు ఎంత తేటగా కనబడాలన్న అమరిక) ఒకసారి సరిచూసుకుని తరువాత ఎవరూ ముట్టుకోవద్దు.

చెవుల విషయం ఇంకా ముఖ్యం. రొయ్యల చెరువుల పక్కన ఇల్లు ఉన్నవారికి రాత్రంతా ఏరేటర్ల మోత వినబడుతూనే ఉంటుంది. పండుగ రోజుల్లో గుడి మైకు దానికి తోడవుతుంది. వర్షాకాలంలో రేకుల మీద వాన పడితే స్పీకర్ల నుంచి అడుగుల చప్పుడు వినడం అసాధ్యం. స్పీకర్లు కట్టిపెట్టి, ఒకే జత హెడ్‌ఫోన్లను అందరూ వంతున వాడండి. కరెంటు పోయే అవకాశం ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఇన్వర్టరు లేనిచోట లాప్‌టాప్ మీదే ఆడటం మంచిది. కరెంటు పోయి ఆగిన ఆటను ఓటమిగా లెక్కించకూడదని కూడా ముందే ఒప్పుకోండి.

నాలుగవ మెట్టు: సేవ్‌ల నియమం పెట్టండి

ప్రతి పది అడుగులకూ సేవ్ చేసి, కనబడగానే వెనక్కి వెళ్ళేవారి ఘోస్ట్ ఆటనూ, ఒక్క సేవ్‌తో నెట్టుకొచ్చినవారి ఆటనూ ఒకే పేరుతో పిలవడం న్యాయం కాదు. మన ఊళ్ళలో ఇంటర్నెట్ సెంటర్లలో ఆడి పెరిగిన తరానికి ఇది అనుభవంలో ఉన్న విషయమే: 2000లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ అన్నదే లేదు, చివరి గేటు దగ్గర చనిపోయినా మొదటి నుంచి నడవాలి. 2003లో వచ్చిన దాని రెండవ భాగం సేవ్‌లు ఇచ్చింది గానీ వాటికి పరిమితి పెట్టింది. మరోవైపు షాడో టాక్టిక్స్ (2016) సేవ్ చేయడాన్ని ఆటలో భాగంగానే స్వీకరించి, చివరిసారి సేవ్ చేసి ఎంతసేపయిందో తెరమీదే గుర్తుచేస్తుంది. రెండు ఆలోచనలూ సమంజసమైనవే. పదేపదే ప్రయత్నించి ఒక ఉపాయాన్ని మెరుగుపెట్టడంలో ఒక ఆనందం ఉంది, తప్పు జరిగిన తరువాత దానిని ఎలా సర్దుకుంటామో చూడటంలో వేరొక ఆనందం ఉంది. రెండింటినీ కలపకుండా ఉంటే చాలు.

నేను సూచించేది ఇది: మొదటి విడతలో అందరికీ సేవ్‌లు స్వేచ్ఛగా ఇవ్వండి, దారి తెలుసుకోవడానికి అది అవసరం. రెండవ విడతలో, రబీకి గోదావరి నీరు చాలని ఏడాది డెల్టా కాలువలకు వంతులవారీగా నీరు వదిలినట్టే, తలా ఒక్క సేవ్ మాత్రం ఇచ్చి, దానిని ఎక్కడ వాడుకోవాలో వారినే నిర్ణయించుకోనివ్వండి. ఎవరు దానిని ఎక్కడ ఖర్చు చేశారన్నదే వారి ఆటతీరు గురించి ఎంతో చెబుతుంది.

ఐదవ మెట్టు: ఒకే మిషన్, రెండు తీరులు

మిషన్ ఎంపికలో మూడు గుణాలు చూడండి: లోపలికి వెళ్ళడానికి ఒకటి కన్నా ఎక్కువ దారులు ఉండాలి, చంపకుండా పడగొట్టే సాధనం ఉండాలి, అరగంటలో ముగియాలి. అందరికీ ఇష్టమైన ఐజీఐ ఇక్కడే తప్పిపోతుంది. అందులో కాపలావాళ్ళను ప్రాణం తీయకుండా పడగొట్టే వీలు లేదు, కాబట్టి ఆటతీరుల పోలికకు అది పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్ మాత్రమే ఉంటే మార్క్ ఆఫ్ ది నింజాను గానీ, వంతులవారీగా ఎత్తులు వేసే ఇన్విజిబుల్ ఇంక్. (2015)ను గానీ ఎంచుకోండి. రెండవదానిలో వంతు గడిచేకొద్దీ అలారం స్థాయి పెరుగుతూ పోతుంది కాబట్టి, ఊరికే మూల కూర్చుని అవకాశం కోసం ఎదురుచూసే ఆట సాగదు. అతి జాగ్రత్తను గొప్పగా చెప్పుకునేవారికి అది మంచి పరీక్ష. మంచి కంప్యూటరు ఉంటే హిట్‌మ్యాన్ 2లోని ముంబయి మిషన్ నా మొదటి ఎంపిక: కిక్కిరిసిన సందులు, ముగ్గురు లక్ష్యాలు, లెక్కలేనన్ని మారువేషాలు ఉన్న చోట ఇద్దరు ఒకే దారిలో వెళ్ళడం అరుదు. అది అరగంటలో ముగియదు గనుక, ముగ్గురిలో ఒక్క లక్ష్యం వరకే పందెం పెట్టుకోండి. ఈ ఆటల్లో చాలావరకు పెద్దలకు ఉద్దేశించినవి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వారు పడుకున్న తరువాతనే మొదలుపెట్టండి.

ప్రతి ఒక్కరూ ఆ మిషన్‌ను ముందు తమకు నచ్చిన తీరులో ఆడాలి, తరువాత ఎదుటివారి తీరులో ఆడాలి. ఈ రెండవ ఆట తప్పనిసరి. కాల్చుకుంటూ పోయే స్నేహితుడు ఒకసారి ఎవరినీ ముట్టుకోకుండా దాటడానికి ప్రయత్నిస్తే కాపలావాళ్ళ దారులను గుర్తుపెట్టుకోవడం ఎంత శ్రమో అతనికి తెలుస్తుంది. ఘోస్ట్ ఆటగాడు ఒకసారి అలారం మోగిన తరువాత కూడా వెనక్కి వెళ్ళకుండా నిలబడి ఆడితే, కంగారులో తుపాకీ, గది, తలుపు చూసుకుని నిర్ణయం తీసుకోవడం కూడా ఒక నేర్పేనని గ్రహిస్తాడు. చూస్తున్నవారు మాట్లాడకూడదు, వేలు చూపించకూడదు. ఒకరు మాత్రం నోటుపుస్తకంలో ఎన్నిసార్లు కనబడ్డారు, ఎందరిని పడగొట్టారు, ఎందరు చనిపోయారు, ఎంత సమయం పట్టింది, సేవ్ ఎక్కడ వాడారు అన్నవి రాస్తూ ఉండాలి.

ఆరవ మెట్టు: ఇప్పుడు వాదించండి

వాదనలో ప్రతి మాటా నోటుపుస్తకంలో ఉన్న ఒక సంఘటనను చూపించాలి. "నీది బోరు" అన్నది వాదన కాదు; "నువ్వు వంటగది దగ్గర ఒకే కాపలావాడి కోసం నాలుగు నిమిషాలు ఆగావు, పక్కన కిటికీ తెరిచే ఉంది" అన్నది వాదన. అలాగే ఆట ఇచ్చే బహుమతులను తీర్పుగా స్వీకరించవద్దు. 2011 నాటి డ్యూస్ ఎక్స్: హ్యూమన్ రివల్యూషన్ ఎవరికీ కనబడకుండా వెళ్ళినవారికి అదనపు పాయింట్లు ఇస్తూనే, బాస్‌ల (దాటక తప్పని బలమైన శత్రువుల) దగ్గరకు వచ్చేసరికి అదే ఆటగాడిని తుపాకీ పోరుకు నెట్టింది, 2013లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో ఆ పోరాటాలకు వేరే దారులు చేర్చవలసి వచ్చింది. డిజానర్డ్ చేతికి చంపే ఆయుధాలను ఉదారంగా ఇచ్చి, వాటిని ఎక్కువగా వాడితే నగరంలో ఎలుకలు, రోగగ్రస్తులు పెరిగేలా, ముగింపు చీకటిగా మారేలా చేస్తుంది. ఆ ఆటలో చంపినవాడు ఆటను తప్పుగా ఆడినట్టా, లేక ఆ కథలోని ఒక సగాన్ని చూసినట్టా? రెండవదే సరైనదని నేను అంటాను, మీ గుంపులో ఇది తప్పక వాదించుకోదగిన ప్రశ్న.

ఈజీలో ఆడేవారిని చిన్నచూపు చూడటాన్ని మాత్రం మొదటి నిమిషంలోనే ఆపండి. రోజంతా పనిచేసి వచ్చి గంటసేపు ఆడేవారు, చీకటి తెరలో వివరాలు సరిగా కనబడనివారు, చేతివేళ్ళు వేగంగా కదపలేనివారు ఉంటారు. వారు ఆడిన మిషన్‌లో కూడా దారి ఎంచుకోవడం, ఓర్పు, ఉపాయం అన్నీ ఉంటాయి. నోటుపుస్తకంలో సెట్టింగులు స్పష్టంగా రాసి ఉన్నప్పుడు ఎవరూ ఏదీ దాచుకోవలసిన అవసరం లేదు, ఎవరినీ తక్కువ చేయవలసిన అవసరమూ లేదు.

ఏడవ మెట్టు: తేలినదాన్ని ఒక వాక్యంగా రాయండి

ఆ వాక్యంలో ఆట పేరు, మిషన్ పేరు, సెట్టింగులు, తీరు నాలుగూ ఉండాలి. ఉదాహరణకు, "ఈ మిషన్‌లో కాపలావాళ్ళ చూపు పెంచి, ఒక్క సేవ్‌తో ఆడినప్పుడు, ఎవరినీ ముట్టుకోకుండా దాటడం కన్నా ఇద్దరిని చాటుగా పడగొట్టి దాటడమే కష్టమైంది, పడినవారిని దాచే చోటు లేదు కాబట్టి" అని రాయవచ్చు. ఇలాంటి వాక్యం ఒక్కటి తేలినా ఆ సాయంత్రం ఫలించినట్టే. అందరూ ఒప్పుకోని సంగతి ఉంటే దానిని కూడా ఎవరెవరు ఎటు నిలిచారో చెబుతూ కిందనే రాసి ఉంచండి.

మరుసటి రోజు మళ్ళీ కూర్చున్నప్పుడు, ఆ ఐదు భాగాల్లో ఒక్కదానిని మాత్రమే మార్చండి. చూపును అలాగే ఉంచి తెరమీది గుర్తులను తీసివేయండి, లేదా గుర్తులను ఉంచి సేవ్‌ను తీసివేయండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది ఎవరిని దెబ్బతీసిందో తెలియదు. అదే మిషన్, అదే గది, అదే హెడ్‌ఫోన్లు ఉండాలి; మొదటి రోజు చివరగా ఆడినవారు రెండవ రోజు ముందుగా ఆడాలి, ఎందుకంటే ఇతరుల ఆట చూసి దారి నేర్చుకున్న లాభం చివరివారికే ఎక్కువగా దక్కుతుంది.